డాలస్‌లో ఆత్మరక్షణకు హ్యాండ్‌గన్: ఏది కొనాలి, ఒంటి మీద ఎలా పెట్టుకోవాలి?

గోదారిగట్టు
అందరికీ నమస్తే. ఉండేది ఇర్వింగ్ వైపు, గ్రీన్ కార్డ్ ఉంది. గ్యాస్ స్టేషన్ నడుపుతున్నాను, రాత్రి పదకొండు దాటాక కౌంటర్ మూసి డబ్బుతో బయటికి రావాలి. ఆత్మరక్షణకు ఒక హ్యాండ్‌గన్ కొందామనుకుంటున్నాను. 9ఎంఎం పిస్టల్ తీసుకోవాలా, రివాల్వరా? టెక్సాస్‌లో ఇప్పుడు లైసెన్స్ అక్కర్లేదంటున్నారు, మరి క్లాసుకి వెళ్లడం దండగా? చొక్కా కింద కనపడకుండా రోజంతా ఎలా పెట్టుకుంటారు? ఇంట్లో ఆరేళ్ల పాప ఉంది, మా ఆవిడ కూడా నేర్చుకుంటానంటోంది. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

పాలమూరు_డాలస్
అన్నా, మోడల్ సంగతి తర్వాత. ముందు చట్టం. ఇది చదివే మనవాళ్లలో వీసా మీద ఉన్నవాళ్లే ఎక్కువ కాబట్టి అందరికీ పనికొచ్చేలా రాస్తున్నా.

హెచ్1బి, హెచ్4, ఎల్1, ఎఫ్1, బి2, ఏ నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నా సరే, తుపాకీ గానీ ఒక్క తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. ఐ-485 (గ్రీన్ కార్డ్ దరఖాస్తు) వేసి ఈఏడీ (పని అనుమతి కార్డు) చేతికొచ్చినంత మాత్రాన హెచ్1బి మనిషికి ఇది మారదు. శిక్ష 2022 నుంచి 15 ఏళ్ల దాకా పెంచారు, దాని మీద దేశం నుంచి పంపించేయడం అదనం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ చేతిలో ఉంటే మినహాయింపు ఉంది, కానీ దాన్ని నమ్ముకుని ముందుకెళ్లే ముందు ఇమిగ్రేషన్, ఆయుధ చట్టం రెండూ తెలిసిన వకీలుతో మాట్లాడాలి. షూటింగ్ రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చడం కూడా 'దగ్గర పెట్టుకోవడం' కిందికే వస్తుంది. ఫ్రెండ్స్ అందరూ వెళ్తున్నారు కదా అని వెళ్లి ఫొటోలు పెట్టకండి.

అన్నా, నీకు గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి కొనొచ్చు. అయితే నీ స్టోర్‌లో ఎఫ్1, హెచ్4 పిల్లలు పనిచేస్తుంటే కౌంటర్ కింద సొరుగులో తుపాకీ పెట్టి వెళ్లకు. వాళ్ల చేతికి అందేలా ఉంటే కేసు వాళ్ల మీదికి వస్తుంది. ఇండియా నుంచి అమ్మానాన్న బి2 మీద వచ్చినప్పుడు ఇంట్లోనూ ఇంతే: తాళంలో ఉండాలి, తాళం గుట్టు వాళ్లకి తెలియకూడదు.

షాపులో ఫారం 4473 అనే ఫెడరల్ కొనుగోలు ఫారం నింపాలి. హ్యాండ్‌గన్‌కి డీలర్ దగ్గర 21 ఏళ్లు నిండాలి. గ్రీన్ కార్డ్ వాళ్లు ఏలియన్ నంబర్ రాయాలి. డ్రైవింగ్ లైసెన్స్ మీద గానీ, దానితో పాటు చూపే మరో ప్రభుత్వ పత్రం మీద గానీ ఇప్పుడున్న ఇంటి చిరునామా ఉండాలి. ఇల్లు మారి, రెండిట్లోనూ కొత్త చిరునామా లేకపోతే అక్కడే ఆగిపోతుంది. బ్యాక్‌గ్రౌండ్ చెక్ చాలామందికి నిమిషాల్లో అయిపోతుంది, కొందరికి 'డిలే' వస్తుంది. కంగారు పడొద్దు, మూడు పనిదినాలు చూస్తారు. గంజాయి ఏ రాష్ట్రంలో చట్టబద్ధమైనా ఫెడరల్ లెక్కలో కాదు, వాడేవాళ్లు ఆ ఫారం మీద సంతకం పెట్టకూడదు.

ఇంకొకటి. వీసా మీదున్న బావమరిదికోసం అతని డబ్బుతో నీ పేరున కొనడం స్ట్రా పర్చేజ్. దానికీ 15 ఏళ్ల దాకా ఉంది.

తూర్పుగాలి
లైసెన్స్ అక్కర్లేదన్నది సగమే నిజం. 2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో 21 ఏళ్లు నిండి, చట్టప్రకారం నిషేధం లేనివాళ్లు లైసెన్స్ లేకుండా హ్యాండ్‌గన్ పెట్టుకోవచ్చు. కానీ ఎల్‌టీసీ (టెక్సాస్ ఇచ్చే హ్యాండ్‌గన్ లైసెన్స్) తీసుకోమనే నా సలహా. ఎందుకంటే స్కూలు స్థలానికి 1,000 అడుగుల లోపు తుపాకీతో తిరగడం మీద ఫెడరల్ చట్టం ఉంది. ఆ స్కూలున్న రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉన్నవాళ్లకి దాన్నుంచి మినహాయింపు. ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో మ్యాపులో ప్రతి స్కూలు చుట్టూ 1,000 అడుగుల వృత్తం గీసి చూడండి, స్టోర్ నుంచి ఇంటికి ఆ వృత్తాల్లో పడకుండా రావడం ఎంత కష్టమో తెలుస్తుంది. లైసెన్స్ ఉంటే కొనేటప్పుడు బ్యాక్‌గ్రౌండ్ ఫోన్ కాల్ కూడా తప్పుతుంది, చాలా ఇతర రాష్ట్రాలు గుర్తిస్తాయి.

క్లాసు 4 నుంచి 6 గంటలు. ఫీజు 40 డాలర్లు, వేలిముద్రల ఖర్చు వేరు. కాల్చే పరీక్ష 50 తూటాలు: 3 గజాల నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10. మొత్తం 250 మార్కులకి 175 రావాలి. ఇది గట్టెక్కడం కష్టమేమీ కాదు. గట్టెక్కినంత మాత్రాన కాల్చడం వచ్చేసిందని అనుకోకండి.

తుపాకీ తేవద్దని పెట్టే బోర్డుల సంగతి గుర్తుపెట్టుకోండి, వాటి నంబర్లు టెక్సాస్ చట్టం సెక్షన్లవి. 30.06 బోర్డు ఉంటే లైసెన్స్ ఉన్నవాళ్లు దాచుకుని కూడా లోపలికి వెళ్లకూడదు. 30.07 బయటికి కనపడేలా పెట్టుకున్నవాళ్లకి. 30.05 లైసెన్స్ లేనివాళ్లకి. ఎర్రగా 51% అని ఉంటే అది బార్, లోపలికి పోకూడదు. అక్కడే తాగడానికి అమ్మే మందు మీద సగానికి పైగా ఆదాయం ఉన్నచోట ఆ బోర్డు ఉంటుంది. గ్యాస్ స్టేషన్‌లో ప్యాక్ చేసి అమ్మే బీరుకి దానితో సంబంధం లేదు. స్కూళ్లు, కోర్టులు, పోలింగ్ కేంద్రాలు, ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ దాటిన భాగం, ప్రొఫెషనల్ మ్యాచ్‌లు జరిగే స్టేడియాలు బోర్డు లేకపోయినా నిషేధమే. పోస్టాఫీసుకి తీసుకెళ్లొద్దు, దాని పార్కింగ్ స్థలం కూడా ఆ నిబంధనలోకి వస్తుంది.

గుళ్ల గురించి చాలామంది అడుగుతారు. 2019 మార్పు తర్వాత ప్రార్థనా స్థలాల మీద ప్రత్యేక నిషేధం తీసేశారు, కానీ గుడివాళ్లు 30.06 పెట్టొచ్చు. ద్వారం దగ్గర చూసుకోండి. బోర్డు లేకపోయినా, ఒళ్లు వంచి సాష్టాంగం చేసేచోట నడుముకి తుపాకీ ఉండటం నాకైతే సబబు అనిపించదు. ఆ పూట ఇంట్లో సేఫ్‌లోనే వదిలేయడం మేలు.

బెజవాడ_రేంజ్‌మాస్టర్
ఇక తుపాకీ. కొత్తవాళ్లు షాపులో అన్నిటికంటే చిన్నది చేతిలోకి తీసుకుని 'ఇది జేబులో పడుతుంది' అని కొనేస్తారు. అక్కడే దెబ్బతింటారు. తుపాకీ ఎంత చిన్నదీ, తేలికదీ అయితే చేతికి అంత గట్టిగా తంతుంది, గురి అంత చెదురుతుంది. తన్నుడికి భయపడ్డ మనిషి సాధన మానేస్తాడు.

కొన్ని లెక్కలు:

గ్లాక్ 19: ఖాళీగా దాదాపు 600 గ్రాములు, 4 అంగుళాల బ్యారెల్ (గొట్టం), మ్యాగజైన్‌లో (తూటాలు పట్టే డబ్బాలో) 15. నేర్చుకోవడానికి ఇంతకంటే సుఖమైనది తక్కువ. సన్నగా ఉన్నవాళ్లకి దాచడం కొంచెం కష్టం.

సిగ్ పీ365: దాదాపు 500 గ్రాములు, 3.1 అంగుళాలు, 10 తూటాలు. గ్లాక్ 43ఎక్స్ కూడా ఈ వరుసలోదే, పిడి కొంచెం పొడవు కాబట్టి చిటికెన వేలు కూడా పట్టుకి దొరుకుతుంది.

స్మిత్ అండ్ వెసన్ 642 రివాల్వర్, .38 స్పెషల్: 410 గ్రాములు, 5 తూటాలు. తూటాని పేల్చే కొక్కెం (హామర్) లోపలే ఉంటుంది కాబట్టి జేబు గుడ్డకి తగులుకోదు. 'రివాల్వర్ సులువు' అని కొత్తవాళ్లకి దీన్నే అంటగడతారు. ఇది కొత్తవాళ్లది కాదు. ట్రిగ్గర్ 11, 12 పౌండ్ల దాకా లాగాలి, గ్లాక్‌కి అది 5.5. అంత బరువు లాగేటప్పుడు ముక్కు కిందికి వాలిపోతుంది. గురి చూసే సైట్లు గాడిలా చిన్నవి. ఏడు గజాల్లో కాగితం ప్లేటు మీద ఐదూ పడాలంటే చాలా సాధన కావాలి.

షాపులో ఖాళీ తుపాకీతో ఇలా చూడండి. బొటనవేలు, చూపుడువేలి మధ్య చర్మం పిడి పైఅంచుకి ఆనాలి. బ్యారెల్ మీ ముంజేతికి సూటిగా ఉండాలి. అలా ఉంచి చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీదికి రావాలి. వేలు అందడానికి తుపాకీని అరచేతిలో తిప్పాల్సి వస్తే అది మీ చేతిది కాదు. మన ఆడవాళ్లకీ, చిన్న చేతులున్న మగవాళ్లకీ ఎక్కువగా ఇక్కడే తేడా వస్తుంది.

మల్లెతీగ
ఆడవాళ్ల తరఫున నేను. స్లైడ్ (పిస్టల్ మీద వెనక్కి జరిగే పైభాగం) లాగలేమని చెప్పి చేతికి రివాల్వర్ పెడతారు. చాలాసార్లు అది బలం సమస్య కాదండీ, పద్ధతి సమస్య. వేళ్ల చివర్లతో గులేరులా లాగకూడదు. తుపాకీని పొట్టకి దగ్గరగా తెచ్చుకుని, ఎడమ అరచేతితో స్లైడ్‌ని పైనుంచి మొత్తం పట్టేసి, కుడిచేత్తో పిడిని ముందుకి తోయాలి. ఎడమచెయ్యి కదలకుండా ఉండాలి. గొట్టం పక్కవాళ్ల వైపు తిరగకుండా మాత్రం చూసుకోవాలి, దగ్గరికి తెచ్చుకున్నప్పుడు జరిగే తప్పు అదే. అప్పటికీ రాకపోతే షీల్డ్ ఈజెడ్ అని .380లో, 9ఎంఎంలో ఉంది, స్లైడ్ మెత్తగా వస్తుంది.

బట్టలకు వస్తే, చుడీదార్ నాడా మీద ఏ హోల్‌స్టర్ (తుపాకీ ఒర) నిలవదు. పొట్టకి చుట్టుకునే బెల్లీబ్యాండ్‌లు అమ్ముతారు. ఉత్త ఎలాస్టిక్ గుడ్డ జేబు ఉన్నవి వద్దు, బయట నుంచి ఏదైనా నొక్కితే గుడ్డ మీంచి ట్రిగ్గర్ కదులుతుంది. ట్రిగ్గర్‌ని కప్పే గట్టి కైడెక్స్ (ప్లాస్టిక్) డొప్ప ఉండాలి. ప్యాంటుతో పని లేకుండా సొంత నడుం పట్టీ ఉండే ఎనిగ్మా లాంటివి కుర్తాల కింద బాగా పనిచేస్తాయి. పొడవు కుర్తా అయితే గుడ్డ చాలా పైకి ఎత్తాలి: ఎడమచేత్తో పక్క చీలిక దగ్గర గుప్పెడు గుడ్డ పట్టి గుండె దాకా లాగాలి. సగం ఎత్తి వదిలేస్తే పిడితో పాటు గుడ్డా చేతిలోకి వస్తుంది. ఖాళీ తుపాకీతో, రోజూ వేసుకునే కుర్తాతోనే సాధన చేయండి. జిమ్ టీషర్ట్‌తో చేసిన సాధన లెక్కలోకి రాదు.

హ్యాండ్‌బ్యాగ్ అందరికీ తట్టే ఉపాయమే, అన్నిటికంటే చెడ్డది కూడా. బ్యాగు షాపింగ్ కార్ట్‌లో వదిలేస్తాం, పిల్లలు చాక్లెట్ కోసం చెయ్యి పెడతారు, దొంగ లాక్కెళ్లేది ముందు బ్యాగునే. తప్పదంటే తుపాకీకి వేరే అర, లోపల హోల్‌స్టర్, ఆ అరలో మరో వస్తువు లేకుండా, బ్యాగు ఒంటి మీదనుంచి దిగకుండా.

బెజవాడ_రేంజ్‌మాస్టర్
మల్లెతీగ గారు చెప్పింది అక్షరాలా నిజం. మగవాళ్లకి నడుం లోపలి హోల్‌స్టర్ గురించి. ట్రిగ్గర్ గార్డ్ పూర్తిగా కప్పి ఉండాలి. తలకిందులు చేసి ఊపినా (ఖాళీ తుపాకీతో) జారిపడకూడదు. తుపాకీ తీశాక మూతి మూసుకుపోకూడదు. మెత్తబడ్డ పాత తోలు హోల్‌స్టర్ మూతి దగ్గర మడత పడుతుంది, తిరిగి పెట్టేటప్పుడు ఆ మడత ట్రిగ్గర్‌ని నొక్కేస్తుంది. అనుకోకుండా పేలే ప్రమాదం తిరిగి పెట్టేటప్పుడు బాగా ఉంటుంది. హుడీ తాడు, చొక్కా అంచు, జాకెట్ తాడు చివర ప్లాస్టిక్ గుండు, ఏదైనా గార్డ్‌లోకి దూరితే చాలు. కాబట్టి తీయడంలో ఎంత వేగమైనా పనికొస్తుంది, పెట్టడంలో తొందర పనికిరాదు. ఎడమచేత్తో చొక్కా పూర్తిగా పైకెత్తి, కళ్లతో చూసి, వేలు నిటారుగా ఫ్రేమ్ మీద ఉంచి మెల్లగా దింపాలి. పొట్ట ముందు పెట్టుకునేవాళ్లు నడుముని ముందుకి తోసి, గొట్టం కాళ్లకి దూరంగా ఉండేలా పెట్టాలి. లేదా హోల్‌స్టర్‌ని బయటికి తీసి, తుపాకీ అందులో పెట్టి, మొత్తాన్ని కలిపి నడుముకి తగిలించుకోవాలి. ఇంట్లో ఇదే మంచి అలవాటు.

నొప్పి సంగతి: సగం బెల్టుది. 1.5 అంగుళాల గట్టి గన్ బెల్ట్ తీసుకో గోదారిగట్టూ. మామూలు బెల్టు తుపాకీ బరువుకి వాలి, పిడి బయటికి పొడుచుకొస్తుంది. హోల్‌స్టర్‌కి 'క్లా' అని చిన్న రెక్క ఉంటుంది, అది బెల్టుని నెట్టి పిడిని ఒంటికి అతికిస్తుంది. కింది భాగంలో ఫోమ్ వెడ్జ్ అంటిస్తే గొట్టం తొడ ఎముకలో గుచ్చుకోదు. పొట్ట ఉన్నవాళ్లకి ముందు కంటే కుడి తుంటి వెనక, గడియారంలో నాలుగు దగ్గర, సుఖంగా ఉంటుంది. అయితే కౌంటర్ మీదికి వంగినప్పుడు అక్కడ పిడి చొక్కాలోంచి ఉబ్బుతుంది. నీ పని కౌంటర్ వెనకే కాబట్టి రెండూ పెట్టి అద్దంలో వంగి చూసుకో.

సీమపులుసు
చాంబర్‌లో (తూటా పేలే అరలో) తూటా పెట్టుకుని తిరగాలా వద్దా అన్నది తేల్చండి. కొత్తవాళ్లకి ఖాళీ చాంబర్‌తోనే మొదలుపెట్టమంటాను.

బెజవాడ_రేంజ్‌మాస్టర్
ఖాళీ చాంబర్ అంటే అవసరమొచ్చినప్పుడు రెండు చేతులూ కావాలి. ఒక చెయ్యి ఎదుటివాణ్ని తోస్తూనో, పాపని పట్టుకునో ఉంటే స్లైడ్ లాగేదెవరు? కంగారులో సగం లాగితే తూటా ఇరుక్కుంటుంది.

సీమపులుసు
అది కాదనను. కానీ నమ్మకం రాకముందే లోడ్ చేసుకుని ప్రతి పది నిమిషాలకీ చొక్కా మీంచి తడుముకునేవాళ్ల మాటేంటి? దీనికి పద్ధతి ఉంది. చాంబర్, మ్యాగజైన్ రెండూ ఖాళీ చేసి, స్లైడ్ ఒకసారి లాగి వదిలితే స్ట్రైకర్ (తూటాని కొట్టే లోపలి సూది) బిగుసుకుని ఉంటుంది. అలా హోల్‌స్టర్‌లో పెట్టి రెండు వారాలు ఇంట్లో తిరగండి: కూర్చోండి, వంగండి, కారెక్కండి. రాత్రి తీసి సురక్షితమైన వైపు తిప్పి ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమనాలి. అన్ని రోజులూ టిక్కుమంటే ట్రిగ్గర్ పగలు ఎప్పుడూ కదల్లేదన్నమాట. ఏ ఒక్క రాత్రి ముందే పడిపోయి ఉన్నా ఆ హోల్‌స్టర్ మార్చాలి. ఆ తర్వాతే లోడ్ చేయడం. చేత్తో తిప్పే సేఫ్టీ కావాలనుకుంటే అలాంటి మోడల్ తీసుకోవచ్చు, కానీ ప్రతి సాధనలో దాన్ని బొటనవేలితో దించడం కూడా ఉండాలి.

పాలమూరు_డాలస్
ఈ పద్ధతి మాత్రం బాగుంది అన్నా. నేను లోడెడ్ చాంబర్ పక్షమే, కానీ ఆ రెండు వారాలు అందరూ చేయాలి.

తూర్పుగాలి
తూటాల గురించి ఎవరూ చెప్పలేదు. సాధనకి 115 గ్రెయిన్ (బుల్లెట్ బరువు కొలత) ఎఫ్ఎంజే, అంటే పూర్తి లోహపు పూత ఉన్నది, చాలు. వెంట ఉంచుకోవడానికి హాలో పాయింట్ (ముక్కు బోలుగా ఉండి తగిలినప్పుడు విచ్చుకునేది): ఫెడరల్ హెచ్ఎస్‌టీ 124 గ్రెయిన్ గానీ స్పియర్ గోల్డ్ డాట్ 124 గ్రెయిన్ గానీ. ఎఫ్‌బీఐ పరీక్షలో జెలటిన్‌లో 12 నుంచి 18 అంగుళాలు దిగాలన్నది కొలమానం. ఎఫ్ఎంజే మనిషిని దాటి వెనక ఉన్నవాళ్ల దాకా పోగలదు. స్టోర్‌లో కస్టమర్లు ఉంటారు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. పొట్టి .38కి సాధారణ హాలో పాయింట్ విచ్చుకోకపోవచ్చు, పొట్టి బ్యారెల్ కోసం చేసిన 135 గ్రెయిన్ గోల్డ్ డాట్ ఉంది.

కొత్త పిస్టల్‌తో 200 దాకా సాధన తూటాలు, వాటితో పాటు వెంట ఉంచుకునే రకమే కనీసం రెండు మ్యాగజైన్లు అడ్డు లేకుండా పేలాకే నమ్మాలి. మధ్యలో ఇరుక్కుంటే మొదట పట్టు చూసుకోండి. మణికట్టు వదులైతే స్లైడ్ పూర్తిగా వెనక్కి పోదు, ఖాళీ తొడుగు పొగగొట్టంలా నిలబడిపోతుంది. మ్యాగజైన్ అడుగున గట్టిగా తట్టి, స్లైడ్ లాగి వదలాలి. రెండు తూటాలు ఒకేసారి ఎక్కితే ఇది పనిచేయదు: స్లైడ్ వెనక్కి తాళం వేసి, మ్యాగజైన్ పీకి, రెండు మూడుసార్లు లాగి, మళ్లీ మ్యాగజైన్ పెట్టాలి.

ఒక సూక్ష్మం. రోజూ రాత్రి దించి, పొద్దున అదే తూటాని మళ్లీ చాంబర్‌లోకి ఎక్కిస్తే, ర్యాంప్‌కి తగిలి తగిలి బుల్లెట్ తొడుగులోకి కొద్దికొద్దిగా దిగిపోతుంది. అప్పుడు పేలినప్పుడు లోపలి ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. పెట్టెలోంచి కొత్త తూటా తీసి పక్కన నిలబెట్టి చూడండి, పొట్టిగా కనిపిస్తే పక్కన పెట్టేయండి. మేలైనది, దించకుండా హోల్‌స్టర్‌తో సహా సేఫ్‌లో పెట్టడం.

మల్లెతీగ
పాప సంగతి. టెక్సాస్‌లో లోడైన తుపాకీ అందేలా వదిలేసి, అది 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి చిక్కితే అదే ఒక నేరం. బీరువా పైన, బట్టల కింద పెట్టినవన్నీ పిల్లలు ఎప్పుడో కనిపెడతారు. మంచానికో గోడకో బోల్టు వేసిన చిన్న సేఫ్ కొనండి. వేలిముద్రవి తడి చేతికి, పసుపు, పిండి అంటిన చేతికి మొరాయిస్తాయి. ఐదు బటన్ల మెకానికల్ తాళం బ్యాటరీ లేకుండా చీకట్లో వేళ్ల లెక్కతో తెరుచుకుంటుంది. కారులో రాత్రంతా వదలకండి. పోస్టాఫీసుకో స్కూలుకో వెళ్లే పది నిమిషాలకైతే సీటు కాలికి కేబుల్‌తో కట్టిన పెట్టెలో.

రేంజ్ నుంచి వచ్చాక ఇంకో జాగ్రత్త: సీసం. చల్లటి నీళ్లు, సబ్బుతో చేతులు, మొహం కడిగాకే తిండి. ఆ బట్టలు విడిగా ఉతకాలి, చెప్పులు గుమ్మం బయటే. గర్భంతో ఉన్నవాళ్లు రేంజ్‌కి వెళ్లొద్దు, సీసంతో పాటు చప్పుడు కూడా.

ఎడిసన్_ఆంధ్ర
న్యూజెర్సీ వచ్చే టెక్సాస్ వాళ్లకి: మీ ఎల్‌టీసీ ఇక్కడ చెల్లదు. న్యూయార్క్, కాలిఫోర్నియా, ఇల్లినాయిలో కూడా అంతే. కారులో దాటిపోతుంటే తూటాలు తీసేసి, డిక్కీలో తాళం వేసిన పెట్టెలో ఉంచాలి. చుట్టాలింట్లో నాలుగు రోజులు ఉండిపోతే 'దాటిపోవడం' అనే రక్షణ పోతుంది. విమానంలో అయితే ఖాళీ తుపాకీ, గట్టి పెట్టె, తాళం, చెక్ఇన్ కౌంటర్‌లో చెప్పి ఇవ్వాలి. దిగే రాష్ట్రం చట్టం ముందు చూసుకోండి.

హైదరాబాదీ_40
ఇక్కడినుంచి ఒక్క మాట. ఇండియా వచ్చేటప్పుడు రేంజ్‌కి వాడే బ్యాగు తేకండి. అడుగున లైనింగ్‌లో ఇరుక్కున్న ఒక్క 9ఎంఎం తూటా చాలు, తిరుగు ప్రయాణంలో శంషాబాద్ స్కానర్‌లో కనిపిస్తే ఆయుధాల చట్టం కింద ఎఫ్ఐఆర్ అవుతుంది. తెలిసి దగ్గర పెట్టుకున్నారా లేదా అన్నదాని మీద కోర్టుల్లో కేసులు కొట్టేస్తారు, కానీ ఆ లోపు విమానం పోతుంది, పాస్‌పోర్ట్‌తో కోర్టు చుట్టూ తిరగాలి. ఇక్కడ 9ఎంఎం నిషిద్ధ బోరు కూడా. మామూలు పౌరులకి దొరికేది .32 లాంటివే, అదీ ఫారం ఏ-1 పెట్టి, కమిషనరో కలెక్టరో ఒప్పుకుంటే.

గోదారిగట్టు
చాలా చాలా థాంక్స్ అందరికీ. ముందు ఎల్‌టీసీ క్లాసు, పీ365, 43ఎక్స్ రెండూ రేంజ్‌లో అద్దెకి తీసుకుని చూస్తాను. ఆవిడకి ఈజెడ్. అదనపు మ్యాగజైన్ ఎక్కడ పెట్టుకోవాలి? తాళాలున్న జేబులో సరిపోతుందా?

బెజవాడ_రేంజ్‌మాస్టర్
తాళాలతో కలిపి వద్దు. చిల్లర, నూగు, తాళాల రజను తూటాల మధ్యకి పోయి పైకి రాకుండా చేస్తాయి. ఎడమ జేబు ఖాళీగా ఉంచి, క్లిప్ ఉన్న మ్యాగజైన్ పౌచ్ వేసుకో. తూటాల ముక్కు ముందుకి ఉండేలా పెట్టుకుంటే చూపుడువేలు మ్యాగజైన్ ముందంచు మీదికి తనంతట అదే వస్తుంది. నెలకోసారి తూటాలన్నీ తీసి, పొడి గుడ్డతో తుడిచి మళ్లీ నింపు.

మల్లెతీగ
రెండో జేబులో టూర్నికే (రక్తస్రావం ఆపడానికి బిగించే పట్టీ) కూడా పెట్టుకోండి. పెద్ద రక్తస్రావం ఆపే క్లాసులు ఒక పూటలో అయిపోతాయి, ఆవిడతో కలిసి వెళ్లండి.